బొమ్మలేసే బిడ్డని ఏ కాలేజీకి పంపుదాం?

"బొమ్మలేసుకుంటే కూడెట్టుద్దా?" పేటలో పిల్లడు నోటుబుక్కు వెనక పడవ గీస్తే మనవాళ్ళ నోటంట వచ్చే మొదటి మాట ఇదే. ఈ మాట మనది కాదు, మనకి నేర్పిన మాట. తోలు పదును చేసి డప్పు కట్టింది ఎవరు? గోడకి సున్నం కొట్టింది ఎవరు? మన చేతిలో ఉంటే కులపని, వాళ్ళ చేతిలో పడితే కళ! అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. కొండరాయినే తొలిచి స్తూపాలు నిలబెట్టారు. ఆ ఉలి పట్టినోళ్ళ పేర్లు మనకి ఏ పాఠంలోనూ చెప్పలేదు.

మన పేటల్లో చందాలేసుకుని అంబేద్కర్ విగ్రహం పెట్టుకుంటాం. కొన్నిచోట్ల కళ్ళజోడు ఉండబట్టి గానీ బాబాసాహెబ్ అని పోల్చుకోలేం. ఆ ముఖం చెక్కే విద్య మన పిల్లలకెందుకు రాకూడదు? 2023లో హైదరాబాదులో నిలబెట్టిన 125 అడుగుల విగ్రహానికి రూపమిచ్చిన రామ్ సుతార్ మహారాష్ట్ర పల్లెలో వడ్రంగి ఇంటి బిడ్డ. బొంబాయి జె.జె. స్కూల్లో చదివి ఆ పనికొచ్చాడు. చదువు లేకుండా కాదు.

అయితే ఎక్కడ చదివించాలి? బస్టాండు దగ్గర బోర్డులు చూసి మోసపోకండి. యానిమేషన్ అంటారు, గ్రాఫిక్స్ అంటారు, నూటికి నూరు ఉద్యోగం అంటారు. మేము అడగమనేది ఒకటే ప్రశ్న: "బాబూ, డిగ్రీ ఏ యూనివర్సిటీ ఇస్తాది?" నీళ్ళు నమిలితే లేచి వచ్చెయ్యండి. గుర్తింపు లేని కాగితానికి స్కాలర్‌షిప్ రాదు, పై చదువుకి చెల్లదు. అప్పు మాత్రం మిగులుతాది.

మనకి దగ్గర్లో విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, అందులో ఫైన్ ఆర్ట్స్ శాఖ ఉంది. ముందు ఆ గుమ్మం తొక్కండి. అక్కడైనా సరే, ఇచ్చేది రెగ్యులర్ సీటా, సెల్ఫ్ ఫైనాన్సా అని తేల్చుకోండి. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టారు. అక్కడ ఆర్కిటెక్చర్ పిల్లలు తమ కోర్సుకి జాతీయ కౌన్సిల్ గుర్తింపు కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. ప్రభుత్వం పెట్టిందే అయినా కాగితాలు అడిగి చూడాలనేది అందుకే. హైదరాబాదులో జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యు. మంచిదే గానీ, రాష్ట్ర విభజన చట్టం ఇచ్చిన పదేళ్ళ ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో తీరిపోయింది. ఆ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం లాంటి కేంద్ర యూనివర్సిటీల్లో ఎస్సీలకి 15 శాతం సీట్లున్నాయి. దూరమే. హాస్టలు దొరికితే పంపండి. ఆడపిల్లైతే మరీ పంపండి. పెళ్ళి చేసి అంతకన్నా దూరం పంపడం లేదా ఏటి?

బి.ఎఫ్.ఏ. నాలుగేళ్ళు. చిత్రలేఖనం, శిల్పం, ప్రచార కళ అని విభాగాలుంటాయి. చేరే ముందు పిల్లని తీసుకెళ్ళి వర్క్‌షాపు చూడండి. మట్టి, రాయి, అచ్చు యంత్రం వాడకంలో ఉన్నాయా, బూజు పట్టాయా? రంగులు, కాన్వాసు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఫీజు కట్టాక ఈ ఖర్చు కాడే మన పిల్లలు మానేస్తారు. సీనియర్లని అడగండి, ప్రిన్సిపాలుని కాదు.

ప్రవేశ పరీక్షలో బొమ్మ గీయించి చూస్తారు. పట్నం పిల్లలు దానికి డబ్బు కట్టి కోచింగు తీసుకుంటారు. మన సర్కారు బడికి డ్రాయింగు మాస్టారుని వెయ్యమని అడిగితే ఆఫీసర్లు నవ్వుతారు. లెక్కల మాస్టారు లేకపోతే ధర్నా చేస్తాం కదా, దీనికెందుకు చెయ్యం?

2025లో బల్క్ డ్రగ్ పార్కు వద్దని రాజయ్యపేట మత్స్యకారులు ఉద్యమంలోకి దిగారు. వలలు, సముద్రం, పోలీసు బండ్లు: ఇవన్నీ కళ్ళారా చూసిన పిల్లలు ఆ ఊళ్ళో ఉన్నారు. వాటిని గీసే వయసూ ఇదే. ఇంటర్ పాసయ్యే పిల్లలుంటే కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఇప్పుడే తీయించండి. ఎస్సీలకి కేంద్ర స్కాలర్‌షిప్‌కి ఏడాది ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. మత్స్యకారుల పిల్లలు బీసీ-ఏ సర్టిఫికెట్ పెట్టుకోవాలి. దరఖాస్తు నింపడం రాకపోతే మా దగ్గరికి రండి, ఆదివారం బడి దగ్గరే ఉంటాం.