దాచుకున్న జబ్బు... గర్భసంచికే ఎసరు!

మా కె. కోటపాడు వైపు ఆడవాళ్లను ఒంట్లో ఎలా ఉందని అడిగితే రెండే జవాబులు వస్తాయి. ఒకటి, "ఏటీ లేదమ్మా, బాగానే ఉన్నాను." రెండోది, "సంచి తీయించేసుకున్నానమ్మా." ఈ రెండు జవాబులకీ మధ్య ఒక్కోసారి అయిదారు నెలలే తేడా. తెల్లబట్ట అవుతోందని, నెలకు పదేసి రోజులు ముట్టు ఆగడం లేదని, నడుం పట్టేస్తోందని ఎవరికీ చెప్పకుండా ఏళ్ల తరబడి నెట్టుకొచ్చిన మనిషి, ఇక ఓర్చుకోలేక ఒకనాడు ఆసుపత్రికి వెళ్తుంది. వారం తిరిగేసరికి గర్భసంచి లేకుండా ఇంటికి వస్తుంది.

ఇదేదో మా ఒక్క ఊరి సంగతి అనుకునేరు. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.3 శాతం. మన ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం! అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. 30 నుంచి 49 ఏళ్లవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. అంటే పరీక్ష బల్ల ఎక్కడానికి సిగ్గుపడుతున్న దేశంలో, మన తెలుగు ఆడవాళ్లు ఆపరేషన్ బల్ల మాత్రం అందరికంటే ఎక్కువగా ఎక్కేస్తున్నారన్నమాట.

ఎందుకిలా? నాకు తోచింది చెబుతాను. ఆపరేషన్ గౌరవమైన జబ్బు. చుట్టాలొస్తారు, హార్లిక్స్ సీసా, బత్తాయిలు తెస్తారు, "బరువులెత్తకు వదినా" అంటారు. తెల్లబట్టకి ఆ గౌరవం లేదు. దాని పేరెత్తితే ముందు మనిషినే అనుమానంగా చూస్తారు. కథలు రాసేదాన్ని కాబట్టి నా ధ్యాస మాటల మీదకే పోతుంది. ఈ బాధ చెప్పుకోవడానికి నలుగురిలో వాడే మాటంటూ మనకి ఒక్కటీ లేకుండా చేసుకున్నాం. "అక్కడ", "కింద", "ఆ బాధ"... చివరికి డాక్టరమ్మ ముందు కూర్చుని కూడా "ఒంట్లో బాగోలేదండీ" అంటాం. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆవిడ ఏం వైద్యం చేస్తుంది!

మన మొహమాటం అవతలివాళ్లకి లాభసాటి కావడం కూడా చూశాం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ప్రైవేటు ఆసుపత్రుల్లో గర్భసంచి ఆపరేషన్లు ఎంతగా పెరిగాయంటే, తర్వాత ఆ పథకం కింద వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరంగా సంచులు తీసేసిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. "ఉంచితే క్యాన్సర్ వస్తుంది, తీసేస్తే పీడా పోతుంది" అన్న బెదిరింపు పనిచేసేది ఎవరి మీద? అంతవరకూ ఎవరినీ ఏమీ అడగని మనిషి మీదే.

అలాగని సిగ్గుపడేవాళ్లను తిట్టిపోస్తే లాభం లేదు. విశాఖపట్నంలోని ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిని మా అమ్మమ్మల నాటి నుంచీ ఘోషా ఆసుపత్రి అనే అంటాం. ఘోషా అంటే పరదా. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, మగ డాక్టరు చేత చూపించుకోలేక కాన్పుల్లో చచ్చిపోతున్న ఆడవాళ్లను చూసి, మేరీ షార్లీబ్ అనే ఇంగ్లీషు ఆవిడ తానే మద్రాసు వైద్య కళాశాలలో చేరి చదివింది. 1885లో అక్కడ ఘోషా స్త్రీల కోసం ఆసుపత్రి పెట్టింది. "సిగ్గు మానండి" అని ఉపన్యాసాలివ్వలేదు. ఆ సిగ్గుకు తగ్గ ఏర్పాటు చేసింది, జనం వచ్చారు.

ఈ రోజుల్లో ఆ ఏర్పాటు కొంత ఉంది. ఎన్‌హెచ్‌ఆర్‌సీ రూపొందించిన రోగుల హక్కుల పత్రం ప్రకారం, మగ డాక్టరు చూసేటప్పుడు పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలని అడిగే హక్కు మనకుంది. అడిగితే ఎవరూ కోప్పడకూడదు. ఇక పరీక్ష సంగతి. అసలు భయమంతా అదేం చేస్తారో తెలియకే. మోకాళ్లు మడిచి పడుకోమంటారు, దుప్పటి కప్పుతారు, చిన్న పరికరంతో లోపల చూస్తారు. కాస్త ఇబ్బందిగా ఉంటుంది, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. క్యాన్సర్ జాడ కోసం అయితే పల్చని వెనిగర్ లాంటి మందు రాసి ఒక నిమిషం ఆగుతారు. తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. తెల్లబడినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, ఇంకా చూడాలని అర్థం. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే ఈ జబ్బు ముదరడానికి మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ముందుగా కనిపెడితే, ఆ చెడిన పొరను మాత్రం మాడ్చేసి, సంచి జోలికి పోకుండానే పంపించేయవచ్చు.

మిగతా బాధలూ అంతే. కొంచెం తెల్లబట్ట సహజమే. దురద, వాసన, రంగు తేడా ఉంటే ఇన్‌ఫెక్షన్. చాలావాటికి మాత్రలతో పోతుంది, కొన్నిటికి భర్త కూడా మందు వాడాలి (ఆయన్ని ఒప్పించడం వేరే కథ!). ఎక్కువ బ్లీడింగ్‌కి మాత్రలున్నాయి, హార్మోన్ లూప్ ఉంది. నిజంగా సంచి తీయాల్సిన జబ్బులూ ఉన్నాయి, కాదనను. కానీ తీయమన్నప్పుడు "మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా? ఇంకో డాక్టరుకి చూపించుకోవచ్చా?" అని అడగాలి. అండాశయాలు కూడా పోతే ముప్పై ఏళ్లకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారే ప్రమాదం ఉంది. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఈ మూడు ప్రశ్నలు అడగరు. నెలసరి తేదీలు, ఎన్ని రోజులు, ఎన్ని గుడ్డలు మార్చారో కాగితం మీద రాసుకుని వెళితే నోరు పెగలకపోయినా ఆ కాగితమే మాట్లాడుతుంది.

2024 నవంబరులో మన రాష్ట్రంలో ఇంటింటికీ వచ్చి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ లక్షణాలు అడిగే సర్వే మొదలైంది. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో దేశమంతా స్వస్థ్ నారీ శిబిరాలు పెట్టారు. మంచి పనులే. కానీ ఆరోగ్య సిబ్బందికి ఒక్క మనవి. వీధి అరుగు మీద మామగారు, మరిది కూర్చుని ఉండగా, ఫోను చేత్తో పట్టుకుని "తెల్లబట్ట అవుతోందా అమ్మా?" అని అడిగితే ఏ కోడలైనా లేదనే అంటుంది. ఫోనులో "లేదు" అని నమోదవుతుంది. మీరూ ఆడవాళ్లే కదా! మంచినీళ్లడిగే వంకన వంటింట్లోకి రండి, పొయ్యి దగ్గర పీటేసుకుని కూర్చుని అడగండి.