మన చావుల గురించి మనం మాట్లాడొద్దా?

అల్లూరి సీతారామరాజును 1924 మే 7న తెల్లవాళ్ల బలగాలు చంపాయి. ఆయనతో నడిచిన గాం గంటందొరను ఆ మరుసటి నెలలో చంపిందీ వాళ్లే. గోండు వీరుడు కొమురం భీంను 1940లో జోడేఘాట్ అడవిలో నిజాం పోలీసులు చంపారు. ఈ చావుల గురించి మాట్లాడటానికి ఇవాళ ఎవరూ భయపడనక్కర్లేదు. ఒకరి పేరు మన పక్క జిల్లాకు పెట్టారు, ఇంకొకరి పేరు తెలంగాణలో ఒక జిల్లాకు పెట్టారు. జయంతికి, వర్ధంతికి కలెక్టర్లే దండలేస్తారు. మంచిదే. మేము కాదనం.

1967 అక్టోబర్ 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభ. దానికి నడిచిపోతున్న మనవాళ్లను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్చారు. కోరన్న, మంగన్న అక్కడే ప్రాణాలు వదిలారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటికొచ్చారు. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గిరిజన రైతు కూలీ సంఘం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఈ చావులకు ఏ జిల్లా పేరు పెట్టారు? ఏ తరగతి పుస్తకంలో పాఠం ఉంది? ఏ బడిలో ఆ రోజు ఒక్క నిమిషం మౌనం పాటిస్తున్నారు?

చచ్చినవాళ్లలో తేడా లేదు. వాళ్లూ అడవి బిడ్డలే, వీళ్లూ అడవి బిడ్డలే. వాళ్లు అడిగిందీ భూమినే, వీళ్లు అడిగిందీ భూమినే. తేడా అంతా చంపినవాళ్లలో ఉంది. పరాయి పాలకుడు చంపితే అది చరిత్ర అవుతుంది. మన ఓట్లతో గద్దెనెక్కిన ప్రభుత్వం ఉన్న కాలంలో చంపితే అది 'శాంతిభద్రతల సమస్య' అవుతుంది. ఈ తేడాను మేము ఒప్పుకోం. ఎవరు చంపారన్నదాన్ని బట్టి ఏ చావు గురించి మాట్లాడొచ్చో ఎవరూ నిర్ణయించకూడదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

ఇంద్రవెల్లి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మాట్లాడనివ్వకపోవడమంటే ఏమిటో అక్కడ తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

ఆ రోజు సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. భూములకు పట్టాలివ్వాలనీ, సావుకార్ల దోపిడీ ఆపాలనీ సభ పెట్టుకున్నారు. సభకు అనుమతి లేదన్నారు. ఆ మాట కొండల మీది గూడేలన్నిటికీ ఎలా చేరుతుంది? సంతకొచ్చినవాళ్లూ సభకొచ్చినవాళ్లూ ఒకే దారిన వచ్చారు. తుపాకులు పేలాయి. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వం లెక్క చెప్పింది. 60 మందికి తగ్గరని పౌరహక్కుల సంఘాలు చెప్పాయి. వందకు పైనే అని గూడేలవాళ్లు చెప్పుకున్నారు. పదమూడుకూ అరవైకీ మధ్య ఉన్నవి ఉత్త అంకెలు కావు. ఒక్కో అంకె వెనక ఒక అమ్మ ఉంది, ఒక పేరు ఉంది. ఆ పేర్లు బహిరంగంగా చదివి, సరిచూసుకుని, తప్పుంటే దిద్దుకునే అవకాశం ఉంటే ఈపాటికి లెక్క తేలిపోయేది. ఆ అవకాశమే ఇవ్వలేదు.

చనిపోయినవాళ్ల కోసం అక్కడ స్తూపం కట్టుకున్నారు. 1986లో దాన్ని కూల్చేశారు. తర్వాత ప్రభుత్వమే మళ్లీ కట్టించాల్సి వచ్చింది. కట్టించారు కానీ దాని దగ్గరికి పోనివ్వలేదు. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే చాలు ఇంద్రవెల్లిలో 144 సెక్షన్. తమ్ముడి కోసం ఒక పువ్వు పెట్టడానికి అన్న పోలీసుల మధ్య నుంచి నడవాలి. తెల్లవాళ్ల కాలం నుంచీ వస్తున్న సెక్షన్ అది. నంబరు మారి ఇప్పుడు కొత్త చట్టంలో 163 అయ్యింది.

మరి మాట్లాడితే ఏమవుతుంది? దేశం కూలిపోతుందా? 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ స్తూపం దగ్గరికే వచ్చి నివాళి అర్పించారు. 1981లో కాల్పులు జరిగినప్పుడు అధికారంలో ఉన్నదీ ఆయన పార్టీయే. ఆకాశం విరిగి పడలేదు. శాంతిభద్రతలు చెదరలేదు. అంటే అన్నేళ్లు ఆపింది ప్రమాదాన్ని కాదు, మాటను. ఒకనాడు ముఖ్యమంత్రికి చెల్లిన నివాళి అంతకుముందు గోండు ముసలమ్మకు ఎందుకు చెల్లలేదో ఎవరైనా జవాబు చెప్పాలి.

ఇప్పుడు మన జిల్లాల సంగతి. శ్రీకాకుళ ఉద్యమం అనగానే మన ఉపాధ్యాయులు కొందరు గొంతు తగ్గిస్తారు. వాళ్లను తప్పుపట్టం. ఉద్యోగ నియమాలు ఉన్నాయి, బదిలీలు ఉన్నాయి, పిల్లల చదువులు ఉన్నాయి. కానీ ఒక్కటి గుర్తు చేస్తాం. వెంపటాపు సత్యం బడిపంతులు. ఆదిభట్ల కైలాసం బడిపంతులు. కొండల్లో అక్షరం చెప్పడానికి వచ్చి, సావుకార్ల అప్పుల లెక్కలు చూసి, మన సవరలతో, జాతాపులతో నిలబడ్డారు. ఆ ఇద్దరినీ 1970 జూలై 10న చంపారు. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పారు. పట్టుకుని చంపారని ఉద్యమకారులు చెప్పారు. వాళ్ల రాజకీయాలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. వాళ్ల దారి తప్పని వాదించే హక్కు మీకుంది. కానీ వాళ్లు ఎలా చనిపోయారని అడిగే హక్కు కూడా ఉండాలి కదా.

ఇంకో మాట. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడే 1/70 చట్టం గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. పోటీ పరీక్షలకు తేదీతో సహా బట్టీ పడతాం: 1970 ఫిబ్రవరి 3 నుంచి అమలు. 1959లోనే ఒక రెగ్యులేషన్ ఉండగా, దాన్ని అంత గట్టిగా సవరించాల్సిన అవసరం సరిగ్గా ఆ రోజుల్లోనే ఎందుకు వచ్చింది? మన్యంలో అప్పుడు ఏం జరుగుతోంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఆ చట్టాన్ని చెప్పడమంటే, పంట చూపించి దుక్కి దున్నినవాణ్ణి దాచిపెట్టడమే. మన పిల్లలు 1/70ని ఎవరో దయతలిచి ఇచ్చిన కానుక అనుకుంటున్నారు. కానుక అనుకున్నదాన్ని తిరిగి తీసుకుంటే ఎవరూ అడగరు. దానికి వెల చెల్లించామని తెలిసినవాళ్లే అడుగుతారు.

మాకు ఎదురయ్యే అభ్యంతరాలు మూడు.

మొదటిది: పాత గాయాలు ఎందుకు కెలకాలి? దీనికి మన సవరల ఆచారమే జవాబు. చనిపోయినవారికి రాయి నిలబెడతాం. వారితో మాట్లాడతాం. ఏ కష్టంతో పోయావు, ఎవరి మీద కోపంతో పోయావు అని అడిగి తెలుసుకుంటాం. అలా మాట్లాడాకే ఇంట్లో శాంతి. గాయం మానేది కప్పిపెడితే కాదు, కడిగితే. చనిపోయినవారిని పలకరించడం మనకు కోపం పెంచే పని కాదు, కోపం దించే పని. ఈ సంగతి తెలియనివాళ్లు మనకు శాంతి పాఠాలు చెబుతున్నారు.

రెండోది: ఇలాంటి మాటలు కుర్రాళ్లను రెచ్చగొడతాయి, తుపాకీ వైపు నడిపిస్తాయి. దీనికి దేశంలోని పెద్ద కోర్టే జవాబు చెప్పింది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు చర్చ వేరు, సమర్థన వేరు, రెచ్చగొట్టడం వేరు అని విడదీసింది. మాట రెచ్చగొట్టే స్థాయికి చేరినప్పుడే దాన్ని ఆపొచ్చునంది. చర్చ ఎంత చేదుగా ఉన్నా రాజ్యాంగం 19వ అధికరణ దాన్ని కాపాడుతుంది. ఎప్పుడో జరిగిన కాల్పుల గురించి తరగతి గదిలో అడగడం చర్చ కాక మరేమిటి?

నోరు నొక్కితే ఏమవుతుందో బస్తర్ వైపు చూడండి. 2012 జూన్ చివర ఒక రాత్రి బీజాపూర్ జిల్లా సర్కేగూడ దగ్గర కేంద్ర రిజర్వు పోలీసుల, రాష్ట్ర పోలీసుల కాల్పుల్లో 17 మంది ఆదివాసులు చనిపోయారు. వాళ్లలో బడికెళ్లే వయసు పిల్లలూ ఉన్నారు. నక్సలైట్లను చంపామని ప్రభుత్వం చెప్పింది. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడామని ఊరివాళ్లు చెప్పారు. ఊరివాళ్ల మాట రాసినవారందరికీ మావోయిస్టుల మద్దతుదారులని ముద్ర వేశారు. ఏడేళ్ల తర్వాత, 2019 డిసెంబర్‌లో, జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. గ్రామస్థులు కాల్పులు జరపలేదనీ, చనిపోయినవారు మావోయిస్టులని చెప్పడానికి ఆధారం లేదనీ ఆ నివేదిక తేల్చింది. ఆ ఏడేళ్లూ ఊరివాళ్లు నోరు మూసుకుని ఉంటే? రాసినవాళ్లు కలం ముడిచేసి ఉంటే? ఆ పదిహేడు మంది ఇవాళ్టికీ కాగితాల మీద నక్సలైట్లుగానే ఉండేవారు. నిన్న దేశద్రోహం అన్న మాటే ఇవాళ కమిషన్ నివేదిక అయ్యింది. అందుకే ఏ మాటనూ ముందే చంపెయ్యకూడదు.

మూడోది కాస్త న్యాయమైన అభ్యంతరం: మీరు సగమే చెబుతారు, ఉద్యమం చంపినవాళ్ల సంగతేమిటి? నిజమే, అదీ చెప్పాలి. ఆ రోజుల్లో భూస్వాములూ సావుకార్లూ చంపబడ్డారు. కానిస్టేబుళ్లూ చనిపోయారు. ఇన్‌ఫార్మర్లన్న అనుమానంతో చంపినవాళ్లలో మన గూడేల బీదవాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లలకూ మాట్లాడే హక్కుంది. వాళ్ల మాట మనకు ముల్లులా గుచ్చుకున్నా వినాల్సిందే. మనకు నచ్చిన చావులకే స్వేచ్ఛ అడిగితే, ప్రభుత్వం చేస్తున్న పనినే మనమూ చేసినట్టు.

ఈ కారణంగానే మేము ఇంకో కోరిక కోరడం లేదు. ఇంద్రవెల్లి కాల్పులను తక్కువ చేసి మాట్లాడేవాణ్ణి జైల్లో పెట్టాలని అడగడం లేదు. ప్రపంచంలో ఈ రెండు దారులూ చూశాం. 1915లో లక్షలాది ఆర్మేనియన్లను చంపిన సంగతిని దాని పేరుతో పిలిచినందుకు టర్కీలో రచయితలనూ పత్రికలవాళ్లనూ కోర్టుకీడ్చారు. ఆ సంగతి మాట్లాడుతూ వచ్చిన హ్రాంట్ డింక్ అనే ఆర్మేనియన్ సంపాదకుడికి 'టర్కీ జాతిని అవమానించాడు' అని 2005లో శిక్ష వేశారు. 2007 జనవరి 19న ఇస్తాంబుల్‌లో తన పత్రిక ఆఫీసు ముందే ఆయన్ను కాల్చి చంపారు. ఫ్రాన్స్‌లో దీనికి తలకిందులుగా, ఆ మారణహోమం జరగలేదన్నవాణ్ణి శిక్షించాలని 2012లో పార్లమెంటు చట్టం చేసింది. భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని అక్కడి రాజ్యాంగ మండలి దాన్ని కొట్టేసింది. చెప్పినవాణ్ణి శిక్షించినా, కాదన్నవాణ్ణి శిక్షించినా, చరిత్ర తాళంచెవి ప్రభుత్వం మొలలోకే పోతుంది. ఇవాళ మన వైపు ఉన్న ప్రభుత్వం రేపు ఉండదు, తాళం మాత్రం ఉంటుంది. అబద్ధం చెప్పేవాణ్ణి చెప్పనీయండి. మా దగ్గర పేర్లున్నాయి, ఊళ్లున్నాయి, చూసిన కళ్లున్నాయి. మాకు కావలసింది వాడి నోరు మూయించడం కాదు, మా నోరు తెరవనివ్వడం.

యువతకూ ఉపాధ్యాయులకూ మేము చెప్పేది ఇంతే. చూసినవాళ్లు పోతున్నారు. లేవిడి కాల్పులనాడు ఇరవై ఏళ్లున్నవారికి ఇవాళ ఎనభై దగ్గరపడ్డాయి. సీతంపేట, కురుపాం, భద్రగిరి కొండల నుంచి దిగి ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మన పిల్లలు వందల్లో కాకపోతే పదుల్లోనైనా ఈ పని చెయ్యగలరు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాతనో అవ్వనో కూర్చోబెట్టి అడగండి. సవర మాటలో చెబితే సవరలోనే, కువిలో చెబితే కువిలోనే రికార్డు చెయ్యండి. పేరు, ఊరు, ఇంటిపేరు, ఏ రోజు, ఎవరు చూశారు అన్నీ రాయండి. విన్నది వేరుగా, చూసింది వేరుగా రాయండి. పోలీసులు చెప్పిందీ పక్కన పెట్టండి. పరిశోధనకు అంశం వెతుక్కునేవాళ్లకు ఇంతకన్నా దగ్గరి అంశం ఏముంది? ఎచ్చెర్లలో ఒక సదస్సు పెట్టండి. దానికి రిటైరైన పోలీసును కూడా పిలవండి. ఆయన కాదంటే కాదననివ్వండి, మనం ఔనంటాం. విన్నవాళ్లు తేల్చుకుంటారు.

ఉపాధ్యాయులు సర్కారును తిట్టనక్కర్లేదు. 1/70 పాఠం చెప్పే రోజున బోర్డు మీద రెండు పేర్లు రాయండి: కోరన్న, మంగన్న. వీళ్లెవరని పిల్లలు అడుగుతారు. తెలిసింది తెలిసినట్టు చెప్పండి.