అక్కవి కదా! మగపిల్లాడు కదా!

మొన్న హైదరాబాదులో ఒక బస్తీలో గృహహింస చట్టం గురించి సమావేశం పెట్టాం. ముందు వరసలో కూర్చున్న ఒకామె ఒళ్ళో నాలుగు నెలల బాబు, పక్కన మూడేళ్ళ పాప. 2005 చట్టం దృష్టిలో ఏదేది హింస అవుతుందో నేను వివరిస్తుండగా ఆ పాప తమ్ముడి బుగ్గ గట్టిగా గిల్లింది. బాబు గుక్కపట్టి ఏడ్చాడు. తల్లి పాప వీపు మీద చరిచి, "అక్కవు గాదె, సిగ్గు లేదా?" అంది. ఎవరూ ఏమీ అనలేదు. నేను కూడా చట్టం గురించి చెప్పుకుంటూ పోయాను.

ఆ రాత్రి మా ఇల్లే గుర్తొచ్చింది. మా అబ్బాయికి మూడేళ్ళప్పుడు చెల్లెలు పుట్టింది. వాడు దాన్ని కొరికేవాడు, ఉయ్యాల విసురుగా తోసేవాడు. "మగపిల్లాడు కదా, ఆ మాత్రం దుడుకు ఉండదా?" అని ఇంటిల్లిపాదీ నవ్వేవారు. సోషియాలజీలో డాక్టరేట్ చేసిన నేను కూడా వాడి చెయ్యి పట్టి ఆపకుండా, పాపని ఎత్తుకుని పక్కగదిలోకి పోయేదాన్ని. కొట్టేవాణ్ణి వదిలేసి దెబ్బతిన్నదాన్ని దాచడం! స్త్రీల విషయంలో సమాజం చేసేదీ ఇదే కదా.

చేసిన పని ఒకటే. ఆడపిల్ల చేస్తే సిగ్గులేనితనం, మగపిల్లాడు చేస్తే దుడుకుతనం. పితృస్వామ్యం తన పాఠం ఉయ్యాల దగ్గరే మొదలుపెడుతుంది.

నిజానికి ఆ పసివాళ్ళలో దుర్మార్గం లేదు. కోపం వస్తే చేతిని ఆపుకునే శక్తి ఆ వయసుకి ఇంకా రాదు. పైగా ఆ పిల్ల పోగొట్టుకున్నది తక్కువా? తల్లి మళ్ళీ నెల తప్పగానే వేపాకు నూరి రాసి పాలు మాన్పిస్తారు. అమ్మ పక్కలోంచి తీసి నాయనమ్మ పక్కలో పడుకోబెడతారు. చూడవచ్చినవాళ్ళు "ఇంక మీ అమ్మ నీది కాదులే" అని ఏడిపిస్తారు. ఏడిస్తే నవ్వుతారు, గిల్లితే కొడతారు.

మరి ఏం చెయ్యాలి? ఆ వయసు పిల్లల్ని పసిబిడ్డ దగ్గర ఒంటరిగా వదలకూడదు. చెయ్యి లేస్తే మధ్యలోనే పట్టుకుని, "కొట్టనివ్వను, తమ్ముడికి నొప్పి" అని రెండు ముక్కల్లో చెప్పాలి. "అమ్మ నీకే కావాలని కోపమొచ్చింది కదూ" అని ఆ కోపాన్ని గుర్తించాలి. మెల్లగా నిమిరినప్పుడు మెచ్చుకోవాలి. రోజూ కాసేపైనా తల్లి ఒడి పెద్దపిల్లకే దక్కాలి. మనం కొడితే మాత్రం, బలమున్నవాళ్ళు లేనివాళ్ళని కొట్టవచ్చని పిల్లలు మన దగ్గరే నేర్చుకుంటారు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో దెబ్బలను నిషేధించింది. గడప లోపలి దెబ్బలు ఇంకా పెంపకంగానే చెలామణి అవుతున్నాయి.

అయితే ఇంతటితో ఆగితే తల్లి నెత్తిన ఇంకో చాకిరీ పెట్టినట్టే. పాలిస్తూ, పొయ్యి చూసుకుంటూ, నీళ్ళకి పరిగెత్తే మనిషికి మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది? "తల్లి పెంపకం" అని తప్పుపట్టేవాళ్ళు తండ్రి పెంపకం ఊసెత్తరు. 2017 సవరణ ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలంది. అందులో తండ్రి సెలవు మాటే లేదు. ఇళ్ళలో పాచిపని చేసుకునే ఆమెకు ఆ సెలవూ లేదు, ఆ కేంద్రమూ లేదు.

ఇంత హింస జరుగుతుంటే పిల్లల గిల్లుళ్ళు ఒక సమస్యా అని కొందరు మిత్రులు అడగవచ్చు. ఆ హింసకు అక్షరాభ్యాసం ఎక్కడ జరుగుతోందో చూడమనే నేను అడుగుతున్నాను. అంగన్‌వాడీలు, శిశుసంరక్షణ కేంద్రాలు, తండ్రులకు సెలవు మన డిమాండ్లలో ముందుకు రావాలి. మన ప్రతి సమావేశంలో పిల్లల కోసం ఒక చాప పరుద్దాం. వాళ్ళని చూసుకునే పని మగవాళ్ళకి అప్పగిద్దాం. పిల్ల చెయ్యి లేచినప్పుడు "తల్లి ఏం చేస్తోంది?" అనడం మాని, "ఇంకెవరున్నారు ఇక్కడ?" అని అడుగుదాం.

ఆ రోజు అక్కడ నేనున్నాను. మాట ఆపి, రెండడుగులు వేసి, ఆ పాపని ఎత్తుకుని ఉండవలసింది.