జబ్బున్న ఆడపిల్లకు టీకా వద్దనవచ్చునా?

లూపస్ జబ్బుతో ఉన్న అమ్మాయికి హెచ్.పి.వి. టీకా వేయిద్దామంటే, "అసలే జబ్బు మనిషి, ఇంకో సూది ఎందుకు?" అంటారు పెద్దలు. పైకి అనని మాట మరొకటి ఉన్నది. పెళ్ళికాని పిల్లకు ఈ టీకా వేయిస్తే నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకు అది. సిద్దిపేటలోనూ, చుట్టుపక్కల గ్రామాలలోనూ ఉన్న మన కుటుంబాలు ఈ రెండింటినీ మరోసారి ఆలోచించాలని మేము కోరుతున్నాము.

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి శరీరం మీదికే తిరగబడే జబ్బు లూపస్. ఇది వచ్చిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది స్త్రీలే. దీన్ని అదుపుచేసే స్టెరాయిడ్లు, ఇతర మందులు ఆ శక్తిని తగ్గిస్తాయి. అందువల్ల హెచ్.పి.వి. వైరస్ సోకితే వీరిని త్వరగా వదలదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం ఆ వైరసే. మన దేశంలో ఏటా లక్షమందికి పైగా స్త్రీలు ఈ క్యాన్సర్ బారిన పడుతున్నారు. కనుక జబ్బున్న పిల్లకు టీకా అవసరం మరింత ఎక్కువ.

ఈ టీకాలో బ్రతికివున్న వైరస్ ఉండదు. హాంకాంగ్ వైద్యులు 50 మంది లూపస్ స్త్రీలకు దీన్ని వేసి 2013లో ఫలితాలు ప్రకటించారు. అత్యధికులలో రక్షణ ఏర్పడింది. టీకా వేయించుకోని రోగులకన్నా వీరిలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టలేదు.

మన ప్రాంతంలో ఈ టీకా పేరు చెడడానికి కారణం ఖమ్మం. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10-14 ఏళ్ళ బాలికలకు ఈ టీకా వేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయితే తల్లిదండ్రులకు చెప్పకుండా హాస్టల్ వార్డెన్లే అంగీకార పత్రాలపై సంతకాలు చేసిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటరీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అక్కడ జరిగిన అన్యాయం అడగకుండా వేయడం. దానికి విరుగుడు మనం అడిగి తెలుసుకోవడమే.

ఇక పరువు మాట. వైరస్ సోకకముందు వేస్తేనే టీకా బాగా పనిచేస్తుంది. అందుకే 9-14 ఏళ్ళ మధ్య వేయమంటారు. ఇందులో పిల్ల నడవడికను శంకించే ప్రసక్తే లేదు. ఎంత పరువుగా బ్రతికే ఇల్లాలికైనా భర్త ద్వారా ఈ వైరస్ సోకవచ్చు. వైద్యం చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదని మన ఉలమాలు చెబుతూనే ఉన్నారు.

లూపస్‌కు చూస్తున్న డాక్టరునే అడగండి. హైదరాబాద్ నిమ్స్‌లో కీళ్ళవ్యాధుల విభాగం ఉన్నది. రోగనిరోధక శక్తి తగ్గినవారికి సాధారణంగా మూడు విడతలు వేస్తారు: మొదటిది వేసిన రెండు నెలలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. వాడే మందులన్నిటి పేర్లూ చెప్పండి. సొంతంగా ఏ మందూ మానకండి. గర్భవతులకు ఈ టీకా వేయరు. వయసు దాటినవారికి, పెళ్ళయినవారికి తగునో లేదో డాక్టరే చెప్పాలి. టీకా వేయించుకున్నా తర్వాత గర్భాశయ ముఖద్వార పరీక్షలు మానరాదు.

కూతురి జబ్బును సంబంధాలు తప్పిపోతాయని దాచే ఇళ్ళు ఉన్నాయి. ఆ దాపరికం ఆమె రేపటి ఆరోగ్యాన్ని బలిగొనకూడదు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు తల్లితోపాటు తండ్రి కూడా వెళ్ళి, ఈ ఒక్క ప్రశ్న తానే అడగాలి.