చెవి కారుతోందా? తేలిగ్గా తీసుకోవద్దు!

‘పిల్లలకు చెవి కారడం మామూలే, పెద్దయితే అదే తగ్గిపోతుంది’... నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల పల్లెల్లోనే కాదు, తెలుగునాట ఎక్కడైనా వినిపించే మాటే ఇది. నాలుగు చుక్కలు గోరువెచ్చటి నూనె పోసి, దూది పెట్టి బడికి పంపేస్తుంటారు. చాలామందికి ఏమీ కాకపోవచ్చు. కొందరిలో మాత్రం ఆ చీము మెదడు దాకా వెళ్తుంది.

మధ్యచెవికీ మెదడుకూ నడుమ ఉండేది పలుచటి ఎముకే. ఏళ్ల తరబడి దుర్వాసనతో చీము కారుతుంటే లోపల చర్మపు పొరలు పేరుకుపోయి ఆ ఎముకను తినేస్తున్నాయేమో చూడాలి. వైద్యులు దీన్ని కొలెస్టియటోమా అంటారు. ఆ దారిన సూక్ష్మక్రిములు మెదడు పొరలకు చేరితే మెనింజైటిస్ వస్తుంది. మెదడులోకే వెళ్తే చీముగడ్డ కడుతుంది.

చెవి కారే పిల్లలకు విడవని తలనొప్పి, వాంతులు, మగత, మూర్ఛ, నడకలో తూలు, మెడ బిగుసుకుపోవడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. జ్వరం లేదు కదా అని ఆగొద్దు. చీముగడ్డ ఉన్నా కొందరికి జ్వరం రాదు.

గడ్డ పెద్దదైతే పుర్రెకు చిన్న రంధ్రం చేసి చీము తీస్తారు. ఆ తర్వాత కూడా సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు యాంటీబయాటిక్స్ వాడాలి. పిల్లాడు లేచి తిరుగుతున్నాడని మధ్యలో మానేస్తే చీము మళ్లీ చేరొచ్చు. కుట్ల దగ్గర చీముగానీ, నీళ్లలాంటి ద్రవంగానీ కారినా, జ్వరం తిరగబెట్టినా ఊళ్లో ఇంజెక్షన్‌తో సరిపెట్టుకోకూడదు. ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లాలి. చెవికీ వైద్యం చేయించాలి. లేకపోతే జబ్బు మూలం అలాగే ఉండిపోతుంది.

ఖర్చుకు జంకి ఆలస్యం చేయొద్దు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో అప్పటి మహబూబ్‌నగర్ ఒకటి. నాగర్‌కర్నూల్ అప్పట్లో అందులోనే ఉండేది, 2016లో వేరు జిల్లా అయింది. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. హైదరాబాద్ కోఠిలో చెవి, ముక్కు, గొంతు జబ్బులకు ప్రత్యేకంగా ప్రభుత్వ ఆస్పత్రి ఉంది.

కారే చెవిలో నూనె, ఆకు పసరు పోయొద్దు. చెరువుల్లో, బావుల్లో ఈతకు పంపొద్దు. స్నానం చేయించేటప్పుడు వ్యాసలిన్ రాసిన దూది పెట్టి, తర్వాత తీసేయాలి. రెండు వారాలైనా చీము ఆగకపోతే చెవి డాక్టరుకు చూపించాల్సిందే.