ఆవేశమంటే కోపం కాదు

తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వాడికి విద్యుత్తుతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. పని లేదు గాని, బాకీ ఒకటి ఉంది.

ఒకనాడు సైన్సు మాస్టారు సెలవు పెట్టడంతో పదవ తరగతికి ఆ పీరియడు నన్ను పంపారు. విద్యుత్తు పాఠం చదివిస్తుండగా "విద్యుదావేశం" అన్న మాట వచ్చింది. వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచి, "ఆవేశమంటే కోపం కదండీ, తీగకు కోపమెందుకండీ?" అన్నాడు. తరగతి గొల్లుమంది. నేనూ నవ్వి, "అది మీ సైన్సు మాస్టారిని అడుగు, కూర్చో" అన్నాను. ఆ కుర్రవాడు మళ్ళీ నన్నేమీ అడగలేదు.

నిజానికి ఆ ప్రశ్న సైన్సు మాస్టారిది కాదు, నాది. "విశ్" ధాతువుకు ప్రవేశించడమని అర్థం. ఆవేశమంటే లోపల చొరబడి ఆక్రమించడం. జాతరలో అమ్మవారు పూనడం ఆవేశమే. కోపమన్నది వాడుకలో బలపడిన అర్థం. పొడి జుట్టును దువ్విన ప్లాస్టిక్ దువ్వెన కాగితపు ముక్కలను లాగుతుంది. జుట్టులోని ఎలక్ట్రానులు కొన్ని దువ్వెనలోకి ప్రవేశించడమే అందుకు కారణం. "దువ్వెనకు పూనకం వచ్చిందిరా" అని ఉంటే ఆ పిల్లవాడు జన్మలో మరచిపోయేవాడు కాదు.

"క్షేత్రం" కూడా అటువంటి మాటే. పొలం విత్తనం చల్లకముందూ పొలమే. విత్తనం పడ్డాక గాని దాని సారం తెలియదు. ఆవేశం చుట్టూ ఉన్న చోటుకూ ఒక గుణం వస్తుంది. అక్కడ మరొక ఆవేశాన్ని ఉంచినప్పుడు దానిమీద పనిచేసే బలం ఆ గుణాన్ని బయటపెడుతుంది. ఈ ఊహకు బలరేఖలతో రూపమిచ్చిన మైకేల్ ఫారడే (1791–1867) పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకున్నవాడు, గణితం పెద్దగా రానివాడు. ఆ బొమ్మను సమీకరణాలలో పెట్టినవాడు తరువాత వచ్చిన మాక్స్‌వెల్. చిత్రం ముందు, సూత్రం తరువాత. మన తరగతి గదులలో ఈ వరుస తలకిందులయింది.

"వోల్టేజి" సంగతి వేరు. వోల్టా అనే శాస్త్రజ్ఞుని పేరు మీద వచ్చిన మాట కనుక దానిని విప్పితే అర్థమేమీ రాలదు. "వోల్టేజి తక్కువగా వస్తోంది" అంటాము, అది ప్రవహించే వస్తువైనట్లు. ప్రవహించేది కరెంటు. వోల్టేజి రెండు చోట్ల మధ్య ఉండే ఎత్తుపల్లాల తేడా వంటిది. ఒక కూలుంబు ఆవేశాన్ని ఒక చోటి నుంచి మరొక చోటికి చేర్చడానికి ఒక జౌలు పని అవసరమైతే ఆ తేడా ఒక వోల్టు. 11,000 వోల్టుల తీగ మీద పిచ్చుక నిశ్చింతగా కూర్చోవడానికి కారణం, దాని రెండు కాళ్ళూ దాదాపు ఒకే ఎత్తున ఉండడం.

మొన్న ఇంటర్ చదివే మా మనవరాలు కెపాసిటర్‌లో నిలువ ఉండే శక్తికి ½ సి వి స్క్వేర్ అని వల్లె వేస్తోంది. "ఆ అర ఎందుకమ్మా?" అంటే "పుస్తకంలో ఉంది తాతయ్యా" అంది. ఇద్దరం కూర్చుని ధాన్యం బస్తాలతో ఆలోచించాము. మొదటి బస్తాను నేలమీదే దించుతాము, చివరిదాన్ని పైదాకా ఎత్తాలి. సగటున ఎత్తినది సగం ఎత్తే. కెపాసిటర్‌లోకి మొదట చేరే ఆవేశానికి ఎదురు లేదు, చివర చేరేది పూర్తి వోల్టేజికి ఎదురెక్కాలి. సగటు సగం. ఆ శ్రమ అంతా పలకల మధ్య ఉన్న క్షేత్రంలో పంటలా నిలువ ఉంటుంది.

ఇది పరీక్షల కోసమే కాదు. కెమెరా ఫ్లాష్‌లో 300 వోల్టులకు ఎక్కిన 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో 4.5 జౌళ్ళ శక్తి ఉంటుంది. బ్యాటరీ తీసేసినా అది వెంటనే ఖాళీ కాదు. స్విచ్చి ఆపాము కదా అని చేయి పెట్టినవాడికి షాకు తగులుతుంది.

శాస్త్రపదాలన్నీ తెలుగులోకి మార్చాలని కొందరు, ఇంగ్లీషులోనే ఉంచాలని కొందరు వాదిస్తూనే ఉన్నారు. నాకు రెండూ పక్కదారులుగానే తోస్తున్నాయి. కెపాసిటర్‌ను కెపాసిటర్ అన్నా నష్టం లేదు, అది ఏమి చేస్తుందో మన మాటలలో చెప్పగలిగితే. మంచి పదాన్ని సృష్టించి విప్పకుండా వదిలేస్తే అది ఇంగ్లీషు కన్నా పరాయిది. ఆ విప్పే పని సైన్సు మాస్టారి ఒక్కరి మీద వదిలేసిన తెలుగు పండితులలో నేనూ ఒకడిని.

ఆ కుర్రవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. అడిగిన ప్రశ్నకు ఆలస్యంగానైనా జవాబు ఇక్కడ ఉంచుతున్నాను. ఇటువంటి మాటలు మీకు తటస్థపడి ఉంటే తెలియజేయగలరు.