డిగ్రీలో పబ్లిక్ హెల్త్ చదివితే ఉద్యోగం ఎక్కడ?

నీట్‌లో సీటు రాక, నర్సింగ్‌కు వెళ్లాలా ఫార్మసీకి వెళ్లాలా అని ఆలోచిస్తున్న బైపీసీ విద్యార్థులకు ఇంకో కోర్సు పేరు కూడా వినిపిస్తోంది. అదే బ్యాచిలర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, క్లుప్తంగా బీపీహెచ్. కొన్ని యూనివర్సిటీల్లో ఇది బీఎస్సీ పబ్లిక్ హెల్త్ పేరుతో ఉంది. కోవిడ్ చూశాక ఇలాంటి చదువు దేశానికి అవసరమా అని అడిగేవారు లేరు. కానీ ప్రభుత్వ ఉద్యోగ నోటిఫికేషన్లలో ఈ డిగ్రీకి చోటుందా అన్నది వేరే ప్రశ్న. ఫీజు కట్టేముందు దానికి జవాబు తెలుసుకోవాలి.

ఇందులో ఏం నేర్పుతారు?

డాక్టర్ తన ముందున్న రోగికి ఏం జబ్బో చూస్తారు. ఒకే వీధిలో ఇరవై మందికి అదే జబ్బు ఎందుకు వచ్చిందో చూడటం ప్రజారోగ్య విభాగం పని.

2020 డిసెంబర్‌లో ఏలూరులో జరిగింది గుర్తుండే ఉంటుంది. వందల మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. చికిత్స తీసుకున్నవారిలో చాలామంది త్వరగానే కోలుకుని ఇళ్లకు వెళ్లారు. కారణం తేల్చడం మాత్రం అంత తేలిక కాలేదు. బాధితులు ఏ వీధివారు, ఏ నీళ్లు తాగారు, ఏం తిన్నారు అని ఆరా తీయాలి. రక్తం, నీరు, ఆహారం నమూనాలు పరీక్షించాలి. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నిపుణులు రంగంలోకి దిగాల్సి వచ్చింది. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలపైనా అనుమానాలు బలపడ్డాయి.

ఇలాంటి దర్యాప్తుకు కావలసిన ఎపిడమియాలజీ, బయోస్టాటిస్టిక్స్, పర్యావరణ ఆరోగ్యం, పోషకాహారం, ఆరోగ్య విధానాలే ఈ డిగ్రీలో ప్రధాన సబ్జెక్టులు. రోగులకు చికిత్స చేసే అర్హత మాత్రం దీనితో రాదు.

మరి ప్రభుత్వ పోస్టుల సంగతి?

ఇక్కడే చిక్కు ఉంది. ఆరోగ్య శాఖలో ప్రతి పోస్టుకూ ఫలానా అర్హత ఉండాలని ముందే రాసిపెట్టి ఉంటుంది. పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్ కావాలంటే ఎంబీబీఎస్ ఉండాలి. గ్రామాల్లో పనిచేసే ఆరోగ్య సహాయకుల పోస్టులకు ఏఎన్ఎం, ఎంపీహెచ్‌డబ్ల్యూ వంటి కోర్సులు అడుగుతారు. ఉప కేంద్రాల స్థాయిలో వచ్చిన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టుల్లోనూ ప్రధానంగా నర్సింగ్, ఆయుర్వేద నేపథ్యం ఉన్నవారినే తీసుకుంటున్నారు. జిల్లా స్థాయి ఎపిడమియాలజిస్ట్ వంటి పోస్టులకు సాధారణంగా పీజీ అడుగుతారు.

అంటే వైద్యం చేసే డాక్టర్‌కు, ఇల్లిల్లూ తిరిగే కార్యకర్తకు మధ్య, కేవలం పబ్లిక్ హెల్త్ డిగ్రీ చేసినవారి కోసం ఉద్దేశించిన మెట్టు దాదాపుగా లేదు. ఏ డిగ్రీ అయినా సరిపోయే గ్రూప్ పరీక్షలు రాసుకోవచ్చు. అయితే వాటికి ఈ చదువే అక్కర్లేదు.

ప్రత్యేక క్యాడర్ మాట ఏమైంది?

ప్రతి రాష్ట్రంలోనూ పబ్లిక్ హెల్త్ మేనేజ్‌మెంట్ క్యాడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రతిపాదించింది. డాక్టర్లే కాకుండా సామాజిక శాస్త్రం, ఆర్థికశాస్త్రం, నర్సింగ్ వంటి నేపథ్యాలవారికి కూడా శిక్షణ ఇచ్చి అందులోకి తీసుకోవచ్చని చెప్పింది. క్యాడర్‌ను ఎలా ఏర్పాటు చేయాలో వివరిస్తూ 2022 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోని అంశం. పోస్టులు మంజూరు చేయాల్సిందీ, సర్వీస్ రూల్స్ మార్చాల్సిందీ రాష్ట్ర ప్రభుత్వాలే.

ఈ విషయంలో తమిళనాడును ఎక్కువగా ఉదాహరణగా చెబుతారు. అక్కడ ప్రజారోగ్యానికి ప్రత్యేక డైరెక్టరేట్‌తో పాటు ప్రత్యేక అధికారుల క్యాడర్ కూడా దశాబ్దాలుగా ఉంది. దానికి ఆధారమైన 1939 మద్రాస్ ప్రజారోగ్య చట్టమే ఆంధ్ర ప్రాంతానికీ వారసత్వంగా వచ్చింది. అయితే తమిళనాడు క్యాడర్‌లోనూ పైస్థాయి అధికారులు ప్రధానంగా ఎంబీబీఎస్ తర్వాత ప్రజారోగ్యంలో శిక్షణ పొందినవారే.

2021 అక్టోబర్‌లో మొదలైన ఆయుష్మాన్ భారత్ హెల్త్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మిషన్‌కు కేంద్రం రూ.64,180 కోట్లు ప్రకటించింది. జిల్లాల్లో ప్రజారోగ్య ల్యాబ్‌లు ఇందులో భాగం. భవనాలు, యంత్రాలు వస్తే సరిపోదు. అక్కడ వచ్చే లెక్కలు చదివి, ఏ వార్డులో ప్రమాదం పొంచి ఉందో ముందే చెప్పే మనుషులు కావాలి.

అమెరికాలో ఏం జరిగింది?

ప్రతి డిగ్రీ విద్యార్థికీ ప్రజారోగ్యం చదివే అవకాశం ఉండాలని 2003లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ సూచించింది. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో ఈ డిగ్రీ పొందేవారి సంఖ్య 10 రెట్లకు పైగా పెరిగింది. కానీ వారిలో ప్రభుత్వ ఆరోగ్య విభాగాల్లో చేరింది కొద్దిమందే. ఎక్కువమంది ప్రైవేటు రంగానికో పైచదువులకో వెళ్లారు. సీట్లు పెంచినంత మాత్రాన ప్రభుత్వ ప్రజారోగ్య విభాగాలకు సిబ్బంది రారని ఈ అనుభవం చెబుతోంది.

చేరేముందు ఏం చూసుకోవాలి?

• ఈ రంగంలో నిలదొక్కుకోవడానికి మామూలుగా ఎంపీహెచ్, అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ కావాలి. మూడేళ్లకే కాదు, ఐదేళ్లకు ఖర్చు లెక్కేసుకోండి.

• ఎంపీహెచ్‌కు బీపీహెచ్ తప్పనిసరి కాదు. చాలా సంస్థలు ఇతర డిగ్రీలవారినీ తీసుకుంటాయి. బీఎస్సీ నర్సింగ్ చేసి ఎంపీహెచ్‌కు వెళ్తే నర్సింగ్ ఉద్యోగాల దారి కూడా తెరిచే ఉంటుంది.

• మీరు చేరాలనుకున్న ఎంపీహెచ్ సంస్థ ఏయే డిగ్రీలను అంగీకరిస్తోందో ముందే చూడండి. కొన్నిచోట్ల వైద్య సంబంధ డిగ్రీ లేదా పని అనుభవం అడుగుతారు.

• ఆరోగ్య శాఖ పాత నోటిఫికేషన్లు నాలుగైదు తెరిచి, అర్హతల కాలమ్‌లో ఈ డిగ్రీ పేరు ఉందేమో వెతకండి. కాలేజీ బ్రోషర్ కన్నా అదే నమ్మదగ్గది.

• గత బ్యాచ్‌లవారు ఎక్కడ పనిచేస్తున్నారో కాలేజీని అడగండి. ఫీల్డ్ వర్క్ ఎన్ని వారాలు, ఎక్కడ చేయిస్తారో తెలుసుకోండి.

గణాంకాలంటే ఇష్టముండి, బస్తీల్లో తిరగడానికి ఇబ్బంది లేకపోతే ఇది మంచి చదువే. పరిశోధన ప్రాజెక్టుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఈ నైపుణ్యాలు పనికొస్తాయి. ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యమైతే మాత్రం, క్యాడర్ కాగితం మీద నుంచి నోటిఫికేషన్‌లోకి వచ్చేదాకా ఈ ఒక్క డిగ్రీనే నమ్ముకోవడం మంచిది కాదు.